కోర్టుహౌసు పెట్టెలో ఒక్క ఓటు

క్యాన్బీ, జార్జియా
నవంబరు 14, 1892

వాషింగ్టన్‌లోని కాంగ్రెసు సభకు బయలుదేరి పినీ ఫోర్కు వాగు దగ్గరే ఆగిపోయిన మహాఘనత వహించిన జూబల్ స్ట్రిక్‌లాండ్ గారికి, వారి బాల్యమిత్రుడూ, వారిని ఓడించిన పత్రికకు ఉపసంపాదకుడూ అయిన పిట్ లాసిటర్ టోపీ తీసి, నడుము అనుమతించినంత మేరకు వంగి రాయు విన్నపములు. ఇక్కడ నేను క్షేమం. నా జలుబు నాకంటే క్షేమం. మీరూ, మీ కంచరగాడిదలూ, మీ గొంతూ క్షేమమని తలుస్తాను. గొంతు సంగతి వేరే అడగాలా? ఎన్నికల ముందురోజు మీరక్కడ పినీ ఫోర్కులో మాట్లాడుతుంటే ఇక్కడ క్యాన్బీలో మా ఇంటి ఓనరమ్మ కిటికీలు మూయించింది, వాన వస్తోందని.

ఒరేయ్ జూబల్, మర్యాదలు అయిపోయాయి. ఇక మనుషుల్లా మాట్లాడుకుందాం.

మా పత్రిక యజమాని కర్నల్ బాస్కమ్ నీ జీవితచరిత్ర రాయమన్నాడు. మొదటి పేజీలో, రెండు కాలమ్‌లు. గెలిచిన జడ్జి టార్వర్‌కి ఒక్కటే కాలమ్. ఇదేమిటండీ అంటే, "గెలిచినవాణ్ణి జనం ఎలాగూ చూస్తూనే ఉంటారోయ్ లాసిటర్. ఓడినవాణ్ణే మళ్లీ లేవకుండా పూడ్చాలి. నవ్వొచ్చేలా పూడ్చు, నీకా విద్య వచ్చుగా" అన్నాడు. నీ గురించి నా అంత తెలిసినవాడు ఈ జిల్లాలో లేడు కనుక కూర్చున్నాను. కలం కదలడం లేదు. నీ గొప్పలు రాద్దామంటే నాకు కడుపుమంట. తప్పులు రాద్దామంటే వాటిలో సగం నేను పక్కనుండి చేయించినవి.

నువ్వు పుట్టింది అంతర్యుద్ధం ముగిసిన ఏడు, మొక్కజొన్నల కొట్టంలో. ఇల్లు ఉత్తరాది సైన్యం తగలబెట్టి పోయింది మరి. నేనూ అదే ఏడు పుట్టాను, మంచం మీద, పక్కన డాక్టరు ఉండగా. నేను అక్కడే ఓడిపోయాను. ఈ దేశంలో మంచం మీద పుట్టినవాణ్ణి జనం ఏనాడైనా ప్రేమించారా?

బడి వార్షికోత్సవం గుర్తుందా? స్వేచ్ఛ మీద ఉపన్యాసం రాసింది నేను, చెప్పింది నువ్వు. "ఓ నా జన్మభూమీ" అని నువ్వు చెయ్యి చాపగానే ముందు వరుస ఆడవాళ్లంతా రుమాళ్లు తీశారు. అదే ముక్క నేను ఇంట్లో అద్దం ముందు అంటే మా కుక్క లేచి బయటికి వెళ్లిపోయింది. వెండి పతకం నీ మెడలో పడింది. ఇవాళ నువ్వు బండ్లెక్కి, బంగారం చాలదు, వెండి నాణేలు కొట్టించండని ఊరూరా అరుస్తుంటే, ఆర్థికశాస్త్రంతో నిమిత్తం లేకుండా నేను బంగారం పక్షం ఎందుకున్నానో ఇప్పుడు తెలిసిందా?

తర్వాత మన జార్జియాలోని ఏథెన్స్ కాలేజీ. నువ్వు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయావు. పత్తి ధర పడిపోయింది. రాబోయే పంట తాకట్టు రాయించుకుని విత్తనాలిచ్చిన కొట్టువాడు, పంట చాలలేదని మీ నాన్న కంచరగాడిదను తోలుకుపోయాడు. దాని బదులు నాగలి లాగడానికి నువ్వు వెళ్లావు. నేను మాత్రం చదువంతా పూర్తిచేసి, లాటిన్‌లో జోకులు వేయగలిగే స్థితికి ఎదిగాను. ఆ జోకులకు నవ్వగలిగినవాడు క్యాన్బీలో ఒక్కడే. అద్దంలో ఉంటాడు.

నువ్వేమో పొలం గట్టు మీద లా పుస్తకం పెట్టుకు చదివి ప్లీడరువయ్యావు. రైతుసంఘంలో చేరావు. కోటు విప్పి, ప్యాంటుకు కట్టిన ఎర్ర భుజపట్టీలు కనబడేలా నిలబడి, "దున్నేది మనం, తూచేది కొట్టువాడు, మోసేది రైలువాడు, మనకి మిగిలేది దగ్గు" అన్నావు. నిజం చెప్పరా, అది నా వాక్యం కాదూ? కాలేజీలో ఒక రాత్రి నేనే అన్నాను. నేనన్నప్పుడు నువ్వు గుర్రు పెడుతున్నావు కదా, ఎలా విన్నావు?

ఇక సొరబుర్ర సంగతి. అది లేకుండా చరిత్ర ఒప్పుకోనని కర్నల్ ఖచ్చితంగా చెప్పాడు. జులైలో సార్డిస్ ఊట దగ్గర కొమ్మల పందిరి కింద నీ సభకి నన్ను పంపింది ఆయనే, వెటకారంగా రాసుకురమ్మని. తెల్ల రైతులు పందిరి కింద, నల్ల రైతులు బండ్ల వెనకాల ఎండలో. వీళ్ల నీళ్ల బకెట్టు వీళ్లది, వాళ్లది వాళ్లది. నువ్వు మాట్లాడి దిగి, నల్లవాళ్ల చర్చి పాస్టరు ఎనక్ బ్రైట్‌వెల్‌ని పైకి రమ్మన్నావు. జనం గొణిగారు. "దించండ్రా వాణ్ణి" అని ఎవడో అరిచాడు. పాపం ఎనక్‌కి గొంతు ఎండిపోయి మాట పెగల్లేదు. వాళ్ల బకెట్టు ఎక్కడో బండ్ల అవతల ఉంది. నువ్వు వేదిక మీద బకెట్టులోంచి సొరబుర్రతో నీళ్లు ముంచి అతనికిచ్చావు. అతను సగం తాగాడు. నువ్వు ఆ బుర్ర తీసుకుని, ఊరంతా చూస్తుండగా, మిగతా సగం తాగి మీసం తుడుచుకున్నావు.

అప్పుడు నువ్వు, "వడ్డీ మా రంగు అడగలేదు. నీళ్లెందుకు అడగాలి?" అన్నావు. ఎనక్ గొంతు సవరించుకుని, "మిస్టర్ జూబల్, నీళ్లకి వడ్డీ వేస్తారేమోనని భయపడ్డానండీ" అన్నాడు. ముందు ఒక ముసలి రైతు నవ్వాడు. తర్వాత పందిరి పందిరంతా.

నేను ఆఫీసుకొచ్చి "సొరబుర్ర జూబల్" అని శీర్షిక పెట్టాను. రాష్ట్రమంతా పాకింది. పట్నాల్లో పెద్దమనుషులు అది చదివి నిన్ను తిట్టారు, మీ కొండల్లో రైతులు అది చదివి తమ టోపీలకి సొరగింజలు కుట్టుకున్నారు. చూశావా, నిన్ను వెక్కిరిస్తే అది కూడా నీకే కలిసొస్తుంది. ఇలాంటివాడితో ఎవడు స్నేహం చేస్తాడు?

వార్త ఒకటి చెప్పి ముగిస్తాను. కోర్టుహౌసు పెట్టెలో, అంటే కర్నల్ గారు కుర్చీ వేసుకు కూర్చుని ఎవడి చేతిలో ఏ పార్టీ చీటీ ఉందో స్వయంగా చూసుకునే పెట్టెలో, నీకు ఒక్క ఓటు పడింది. చీటీలన్నీ మా డెమోక్రాట్ల గులాబీ రంగువే. మీ పీపుల్స్ పార్టీ పసుపు చీటీ ఒక్కటీ లేదు. కాని ఒక గులాబీ చీటీలో టార్వర్ పేరు మీద చిన్న కాగితం ముక్క అతికించి, దాని మీద పెన్సిల్‌తో, చిన్నపిల్లాడి అక్షరాలతో, "జూబల్ స్ట్రిక్‌లాండ్" అని ఉంది! ముక్క తడిపి ఊడదీస్తే అడుగున సీసా లేబులు ముద్ర. అది మందుల కొట్టు పీవీ గారి కొట్లోని లేబులు. కర్నల్ ముఖం చీటీ రంగులోకి తిరిగింది. "పీవీ! ఇరవై ఏళ్ల స్నేహం పెట్టుకుని, పాములా!" అన్నాడు. పీవీ గారు బైబిలు మీద ఒట్టేస్తున్నాడు. ఎవరూ నమ్మడం లేదు. వీధిలో పెద్దలెవరూ ఆయన కొట్లో లివర్ మాత్రలు కొనడం లేదు. ఊరు మొత్తానికి మలబద్ధకం పట్టేలా ఉంది.

ఓటమిలో నీకు తోడుండలేని,
గెలుపులో అసలే ఉండలేని,
పిట్

*

క్యాన్బీ
మే 22, 1893

ఎన్నికల్లో ఓడి ఆదివారం భోజనాల్లో గెలుచుచున్న శ్రీ స్ట్రిక్‌లాండ్ గారికి, ఒంటరిగా హోటల్లో బీన్సు తినుచున్న పిట్ లాసిటర్ వందనములు. దేవుడి దయవల్ల మీ ఆకలి బాగుందని ఊరంతా చెప్పుకుంటోంది.

విన్నాన్రా, అంతా విన్నాను. ప్రతి ఆదివారం చర్చి కాగానే నీ బండి పీవీ గారి గుమ్మం ముందు ఆగుతుందట. కోడి వేపుడు, వెన్న రాసిన బిస్కట్లు, పీచ్ పండ్ల తీపి రొట్టె. ఆ రొట్టె ఆయన కూతురు ఆర్మిండా స్వహస్తాలతో చేసిందట. నాకెలా తెలుసంటే, ఆ వీధిలో నేను అటూ ఇటూ వ్యాయామం కోసం నడుస్తుంటాను. ఆదివారాలు మాత్రమే. భోజనాల వేళ మాత్రమే.

నీకు తెలియనిది చెబుతాను. పీవీ గారు నవంబరులో బైబిలు మీద ఒట్టేశాడు కదా. క్రిస్మస్ ముందు మీ కొండల రైతులు మందులకి ఆయన కొట్టుకే రావడం మొదలెట్టారు. నడుంనొప్పి తైలం, పిల్లలకి పురుగుల మందు, అవసరం లేని లేపనాలు. ఒకడు చిలగడదుంపల బస్తా దించాడు, ఒకడు కూరకి పోసమ్ అనే అడవి జంతువుని పట్టి తెచ్చాడు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "ఈ చెయ్యేనా నాయనా ఆ ఓటేసింది?" అని ఏడ్చింది. ఆ రోజు ఆయన కాదనలేకపోయాడు. జనవరిలో, "ఎవరేశారో దేవుడికి తెలుసు" అని చిరునవ్వు నవ్వాడు. ఫిబ్రవరిలో, "వేసిన మాట అటుంచండి, ఎందుకు వేశామన్నది ముఖ్యం" అన్నాడు. ఇప్పుడు పూర్తిగా నమ్మేశాడు. మొన్న నన్ను కూర్చోబెట్టి, "అబ్బాయ్, ఆ చీటీ మడుస్తుంటే నా వేళ్లు వణికాయనుకో. కర్నల్ నా కళ్లలోకే చూస్తున్నాడు. ఒక్కటే అనుకున్నాను, పీవీ, ఇవాళ నువ్వు మగాడివా మాత్రవా?" అన్నాడు. నేను దీన్ని తల ఊపుతూ వినాలి. పైగా రాసుకోవాలి.

నా బాధ నీకు అర్థం కాదులే.

నేను ఆ కొట్టుకి రోజూ వెళ్తాను. సోడా బల్ల దగ్గర ఆర్మిండా నిలబడుతుంది. ఊరికే నిలబడి చూస్తే బాగోదు కనుక ప్రతిసారీ తలనూనె సీసా కొంటాను. నా జుట్టు ఇప్పుడు ఎంత నున్నగా ఉందంటే టోపీ నిలవడం లేదు. మొన్నటి సంభాషణ యథాతథంగా విన్నవిస్తున్నాను.

"మళ్లీ తలనూనేనా పిట్ గారూ? తాగుతున్నారా ఏమిటి?" అంది.

"రచయితలకు జుట్టు ముఖ్యమండీ" అన్నాను.

"మీరు రచయితలా! ఒక్క మనిషిని మెచ్చుకుంటూ ఒక్క వాక్యం రాయండి చూద్దాం. మీ పత్రికలో మెచ్చుకోలు కనబడేది చచ్చిపోయినవాళ్లకే."

"చచ్చినవాళ్లు మళ్లీ పోటీ చేయరు కదండీ" అన్నాను.

నవ్వింది. ఆ నవ్వుకి ఒక సీసా ఎక్కువే కొన్నాను. అప్పుడామె గొంతు తగ్గించి అంది: "మా నాన్న వేశాడంటే నేను నమ్మను. ఔన్సు మందు తూచడానికే వణికే చేతులు ఆయనవి. కాని ఎవడో వేశాడు. కర్నల్ ముక్కు కింద నిలబడి వేశాడు. ఈ ఊళ్లో మగాడంటూ ఒకడున్నాడు, వాడెవడో నాకు తెలియదు. ఆ సంగతి తలచుకుంటే ఒక్కోసారి నిద్ర పట్టదు."

నేను నోరు తెరిచాను. అది తెరుచుకునే ఉండగా కర్నల్ బాస్కమ్ తలుపు తోసుకుని వచ్చాడు. ఆరు నెలల పట్టుదలని లివర్ జయించింది పాపం. "ఏమోయ్ లాసిటర్, ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు. "తలనూనె" అన్నాను. చరిత్రలో గొప్ప గొప్ప సందర్భాలు ఇలాగే పాడైపోతాయి.

ఆమె నీతో బాగానే మాట్లాడుతుందట, నీ వెర్రి కథలకి పొట్ట పట్టుకుని నవ్వుతుందట. సంతోషం. పళ్లు కొరుకుతూ రాస్తున్నాను కనుక అక్షరాలు వంకరపోతే క్షమించు.

ఏ విందుకూ పిలవబడని,
పిట్

*

క్యాన్బీ
ఆగస్టు 1, 1894, బుధవారం

డెమోక్రాట్ పార్టీవారి కాబోయే అభ్యర్థి, పీవీ వారి కాబోయే అల్లుడు, అందరికీ అన్నీ కాబోయే శ్రీ జూబల్ స్ట్రిక్‌లాండ్ గారికి, ఏమీ కాని, ఏమీ కాబోని పిట్ లాసిటర్ రాయు ప్రత్యుత్తరము. ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. మీ అంతరాత్మ చల్లగా ఉందని ఆశిస్తాను.

నీ ఉత్తరం అందింది. రెండేళ్ల తర్వాత నాకు రాశావు, అందులోనూ పని చెప్పడానికి. అది మన స్నేహంలో మామూలే. విషయం నాకు అంతకుముందే తెలుసు, కర్నలే చెప్పాడు. జడ్జి టార్వర్ మీద జనానికి మొహం మొత్తింది, పత్తి ఇంకా పడిపోయింది, ఈసారి నువ్వు మీ పీపుల్స్ పార్టీ తరఫున నిలబడితే నిజంగానే గెలుస్తావేమోనని పెద్దలకి వణుకు. అందుకే నిన్నే తమవాణ్ణి చేసేసుకుందామని కబురంపారు. శనివారం కోర్టుహౌసు మెట్ల మీద నువ్వు సొంతగూటికి తిరిగొచ్చానని ప్రకటించాలి. ఇంకొక్క మాట కూడా చెప్పాలి, సొరబుర్ర గురించి. నీ ఉత్తరంలో ఎంత అందంగా రాశావురా: "ఒరేయ్ పిట్, ఆ రోజు ఎండకి కళ్లు తిరిగాయనీ, ఎవరు తాగిన బుర్రో చూసుకోలేదనీ, జనం నవ్వేలా రాసిపెట్టు. నీ చేతిలో పడితే అబద్ధం కూడా ఆదివారం బట్టలు వేసుకుంటుంది. మన బడి రోజుల్లోలా. నువ్వు రాయి, నేను చెబుతాను."

పెళ్లి ముహూర్తం కూడా దీనితోనే ముడిపడిందని పీవీ గారు చెప్పాడు. ఇప్పుడాయన తను ఓటేసిన వీరుడే తమ పార్టీలోకి వచ్చేస్తున్నాడని పొంగిపోతున్నాడు. పాత స్నేహాలు, కొత్త గౌరవం, రెండూ దొరుకుతున్నాయి. "కాంగ్రెసు సభ్యుడి మామని, అబ్బాయ్! లేబుళ్ల మీద వేయించుకోవచ్చంటావా?" అని అడిగాడు.

నేను కూర్చున్నాను. అబద్ధం చెప్పను, రాయడానికే కూర్చున్నాను. మొదటి వాక్యం బాగా కుదిరింది కూడా: "మిత్రులారా, దాహం గుడ్డిది." ఎలా ఉంది? నువ్వు చెబితే కోర్టుహౌసు గడియారం కూడా నవ్వేది. సరిగ్గా అప్పుడు ఆఫీసు వెనక తలుపు దగ్గర పాస్టరు ఎనక్ బ్రైట్‌వెల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చర్చి విందు ప్రకటన అచ్చు వేయించడానికి వచ్చాడు. పని అయ్యాక కదల్లేదు.

"మిస్టర్ పిట్, శనివారం మిస్టర్ జూబల్ వస్తున్నమాట నిజమేనాండీ?" అన్నాడు.

నిజమే అన్నాను.

"మావాళ్లంతా బయల్దేరుతున్నారండీ. పట్నం నడిబొడ్డున మాట్లాడుతున్నాడంటే మాటలా! ఆడవాళ్లు కోళ్లు కోస్తున్నారు. నేను ఆ బుర్ర తెస్తున్నాను."

ఏ బుర్ర అని అడిగాను, తెలియనట్టు.

"ఇంకేముందండీ, ఆ బుర్రే. ఆ రోజు తెల్లవాళ్లెవరూ మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. పారేయబోతుంటే నేను తీసుకున్నాను. మా చర్చిలో బకెట్టు మీద మేకుకి వేలాడుతోంది. దాంతో తాగితే నీళ్లు తియ్యగా ఉంటాయని మా పిల్లలు కొట్టుకుంటారండీ. అబద్ధమే, బావి ఒకటే కదా. అయినా కాదనలేదు నేను" అని నవ్వాడు. "శనివారం మిస్టర్ జూబల్ మాట్లాడి మాట్లాడి అలిసిపోతాడు కదండీ. ఈసారి నేను ముంచి ఇస్తాను."

నేను నా కాగితం మీద మోచెయ్యి పెట్టి దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో చూడు, అతనికి అంత దూరం నుంచి నా రాత కనబడదు కూడా.

జూబల్, ఆ ఎన్నికలయ్యాక అతని కొట్టం ఎవరో తగలబెట్టారు. పినీ ఫోర్కు నుంచి తెల్ల రైతుల్ని తుపాకులతో తోలుకొచ్చి, వారం రోజులు అతని వాకిట్లో కాపలా పడుకోబెట్టింది ఎవరు? ఈ రాష్ట్రంలో అలాంటిది అంతకుముందు ఎవరైనా విన్నారా? అది నేను పత్రికలో రాయలేదు. కర్నల్ వద్దన్నాడు. నాకూ రాయాలనిపించలేదు. రాస్తే నువ్వు ఇంకా పెద్దవాడివైపోతావని.

కాబట్టి వినయపూర్వకంగా తెలియజేసుకొనునది ఏమనగా, ఆ ఉపన్యాసం నేను రాయను.

నువ్వు వెంటనే అంటావు, "వీడికి కుళ్లు" అని. అవునురా, కుళ్లే. నీ గొంతంటే కుళ్లు, నీ మీసమంటే కుళ్లు, కొట్టంలో పుట్టావని కుళ్లు. ఆమె చేసిన పీచ్ రొట్టె అంటే చెప్పలేనంత కుళ్లు. నేను రాయకపోతే నీ టిక్కెట్టు పోతుంది, బహుశా పెళ్లీ పోతుంది, అది నాకే లాభం. అలా అనుకోవడం న్యాయమే. కాని రాత్రంతా లెక్క వేసి చూశాను. నిజంగా కుళ్లుబోతునైతే నేను రాయాలి. నా ప్రాణం పెట్టి రాయాలి. ఎందుకంటే ఆ నాలుగు మాటలూ శనివారం నీ నోట వస్తే నువ్వు సరిగ్గా నా అంత అయిపోతావు. వెటకారంగా నవ్విస్తావు, పెద్దల చెయ్యి చూసి మాట్లాడతావు, జీతం తీసుకుంటావు. నిన్ను చూసి కుళ్లుకోవడానికి నాకిక ఏమీ మిగలదు. పదేళ్లప్పట్నుంచీ నాకున్న ఒకే ఒక్క వ్యాపకం అది. దాన్ని కూడా తీసేసుకుంటే నేనేం చేసుకుని బతకాలి?

నీ దగ్గర గొంతుంది, మాటలు లేవంటావు. అబద్ధం. "వడ్డీ మా రంగు అడగలేదు" అన్నది నేను రాసిచ్చింది కాదు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది, ఇన్నేళ్లూ వీడు మాటల కోసం నా దగ్గరికి ఊరికే వచ్చాడా అని.

ఆర్మిండాకి నా నమస్కారాలు చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు. రేపు ఎలాగూ తలనూనె అయిపోతుంది.

నీ విజయాలకు నిత్యం వగచే,
పిట్ లాసిటర్

తాజా కలం: కోర్టుహౌసు పెట్టెలో ఆ ఒక్క ఓటు నాది.

నవ్వకు. గులాబీ చీటీ నా చేతిలో పెట్టింది కర్నలే, భుజం తట్టి మరీ పెట్టాడు. నేను పెరట్లోకి వెళ్లి, జేబులోని తలనూనె సీసా మీది లేబులు ఉమ్మితో తడిపి ఊడదీసి, చింపి, దాని వెనక ఎడమచేత్తో నీ పేరు రాసి, టార్వర్ మీద అతికించాను. సీసా పీవీ గారిదని నాకప్పుడు తట్టనే లేదు. తట్టి ఉంటే నా ప్రేమని ఆయన గుమ్మంలో నీకు అప్పజెప్పేవాణ్ణా? నా ఓటు పట్టుకుని నువ్వు ఆ ఇంట్లోకి వెళ్లావు, నా ఓటు వేసిన వేళ్లని ఆయన తనవనుకుంటున్నాడు, నా ఓటు గురించే ఆమెకి నిద్ర పట్టడం లేదు. నేను వీధిలో వ్యాయామం చేస్తున్నాను.

ఒక సంగతి బాగా అర్థం చేసుకో. అది నీకు వేసింది కాదు. నీకైతే చచ్చినా వేసేవాణ్ణి కాదు. సార్డిస్ ఊట దగ్గర ఆ బుర్రకి వేశాను. ఎవరు తాగిందో చూసుకోలేదని నువ్వు శనివారం అన్నావంటే ఆ ఓటు నీది కాదు, మర్యాదగా తిరిగిచ్చేయాలి. అప్పుడు నేను నేరుగా మందుల కొట్టుకి వెళ్లి, కర్నల్ ఉన్నా సరే, అది ఎవరిదో ఆర్మిండాకి చెప్పేస్తాను. కాని శనివారం ఆ మెట్ల మీద, ఊరందరి ఎదుటా, ఆ బుర్రలో నీళ్లు మళ్లీ తాగావనుకో, ఆమెకి ఈ జన్మలో చెప్పను. మీ పెళ్లికి వచ్చి, నీ పక్కన తోడుపెళ్లికొడుకుగా నిలబడి, తలనూనె రాసుకుని ఏడుస్తాను.

నీ మీద నమ్మకం ఎంతంటే, ఇదంతా కాగితం మీద పెట్టాను. దీన్ని కర్నల్‌కి చూపిస్తే శనివారం కంటే ముందే నా ఉద్యోగం పోతుంది.

పోస్టులో వేయడం లేదు. పాస్టరు ఎనక్ నీతో శనివారం సంగతి మాట్లాడాలని మీ ఊరే వస్తున్నారు, ఆయన చేతికే ఇచ్చాను. ఇందులో ఏముందో ఆయనకి తెలియదు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ ఆయన నీ వాకిట్లో నిలబడి ఉంటారు. ఎండన పడి నడిచి వచ్చారు. ముందు మంచినీళ్లివ్వు.